ముందు చీటీ ఎవరికి?

కందుకూరు బస్సులో పక్క సీటాయన ముందు ఊరు అడుగుతాడు, ఆ వెంటనే జీతం అడుగుతాడు. "కువైటా? ఎంత గిట్టుద్ది అబ్బయ్యా?" మనమూ ఏదో అంకె చెప్తాం, కాస్త పెంచే చెప్తాం. ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చుకుని "పర్లేదే" అంటాడు. అంతటితో సరి. అప్పెంత, నూటికెంత, ఇంట్లో ఎవరికి తెలుసు అని ఏ బస్సులోనూ నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు. ఆ మాట మనకంటే ముందే ఊళ్లో దిగుతుంది, రేపు చెల్లెలికి సంబంధం చూసేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని గుర్తు చేస్తారు.

ఆ లెక్క నేను మొదటిసారి చెప్పింది కువైట్‌లో, హసావీ అనే పేటలోని ఒక రూములో, ముక్కూమొహం తెలియనివాళ్లకి.

2012లో వెళ్లాను. బకాలాలకు, అంటే చిన్న కిరాణా కొట్లకు, సరుకు వేసే వ్యాన్‌లో హెల్పర్ పని, జీతం 80 దినార్లు. అప్పుడు దినారు 190 రూపాయల దగ్గర ఆడేది. అంటే నెలకు పదిహేను వేలు. ఏజెంటుకి కట్టిన రెండు లక్షలూ నూటికి మూడు వడ్డీకి తెచ్చినవి. నెల తిరిగేసరికి వడ్డీకే ఆరు వేలు. మెస్సు, బెడ్డు ఖర్చు పోగా ఇంటికి ఏం పంపేవాణ్ణో మీరే లెక్కేసుకోండి. ఇంట్లో మాత్రం వడ్డీ నూటికి రెండేనని చెప్పాను.

మా రూమూ పక్క రూమూ కలిపి చీటీ నడిచేది. పదిమందిమి, నెలకు తలా పది దినార్లు. పాట లేదు, తగ్గింపు లేదు. ఎవరికి అవసరం ఎక్కువుంటే ముందు వాళ్లకే. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ముందు చీటీ కావాలంటే పదిమంది ముందు నీ అవసరం ఏంటో చెప్పాలి. శుక్రవారం భోజనాలయ్యాక చాప మీద కూర్చుని ఒక్కొక్కరూ చెప్పేవాళ్లు.

రాజోలు ఆయన భార్య నగలు బ్యాంకులో ఉన్నాయి, వేలం నోటీసు వచ్చింది. రాయచోటి ఆయన పాస్‌పోర్ట్ కవర్‌లోంచి నాలుగు మడతలు పెట్టిన ప్రోనోటు జిరాక్సు తీశాడు. లక్ష రూపాయలు, నూటికి రెండు. మూడేళ్లు నిండబోతున్నాయి, వడ్డీ ఒక్క రూపాయి కట్టలేదు. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు కాబట్టి అప్పిచ్చినాయన 1,72,000కి కొత్త నోటు రాయమంటున్నాడు. అలా రాస్తే వడ్డీ కూడా అసలైపోతుంది, ఇక దాని మీద మళ్లీ వడ్డీ. అలా కాకుండా ఈలోపే కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి ఇంకో మూడేళ్లు గడువు వస్తుంది. వచ్చే నెల సెలవు మీద పోతున్నాడు, చేతిలో డబ్బు లేదు. ఆ జిరాక్సు పదిమంది చేతులూ తిరిగింది. మొదటి చీటీ ఆయనకే ఇచ్చాం.

నా వంతు వచ్చినప్పుడు "నాకంత అవసరం లేదులే" అన్నాను. నిజామాబాద్ పెద్దాయన నవ్వాడు. "అప్పు లేనోడు ఈ రూముకి ఎందుకొస్తడు తమ్మీ?" ఇక దాచలేదు. నూటికి మూడు అని చెప్పేశాను. ఎవరూ అయ్యో అనలేదు. "అసలు ఎప్పుడు కడతావు?" అని మాత్రం అడిగారు.

అక్కడ అంత తేలిగ్గా నోరు ఎందుకు పెగిలిందంటే, రాజోలు ఆయన మా వీధికి రాడు. నన్ను హామీ సంతకం అడగడు, మా ఇంటి పిల్లను చేసుకోడు. అలాగని అందరూ మంచివాళ్లని కాదు. చీటీ ఎత్తుకుని సెలవు పేరు చెప్పి ఊరెళ్లి, మళ్లీ ఫోనెత్తనివాడు కూడా మా చాప మీదే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

2013 ఆగస్టులో రూపాయి పడిపోయి దినారు 240 దాకా పోయింది. టీవీలో దేశానికి కష్టకాలం అంటుంటే మా రూములో పండగ. జీతం దినార్లలో, అప్పు రూపాయల్లో మరి.

నిజానికి డబ్బు సంగతి నలుగురిలో చెప్పుకోవడం మా నెల్లూరు జిల్లాకు కొత్తేం కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. మా అమ్మ, తర్వాత నా భార్య సంఘంలో కూర్చుని ఎవరికెంత అప్పుందో బయటికి చదివి సంతకాలు పెట్టినవాళ్లే. మగవాళ్లకే ఆ అలవాటు లేదు.

2024 జూలైలో సెలవుకు వచ్చినప్పుడు నెల్లూరు రొట్టెల పండక్కి పోయాం. నేను విదేశం పోవాలని అమ్మ ఎప్పుడో విదేశీ రొట్టె పట్టింది. కోరిక తీరింది కాబట్టి ఇప్పుడు మేం ఆ రొట్టె అదే కోరిక ఉన్నవాళ్లకి వదలాలి. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఎవరికేం కావాలో వాళ్లు గట్టిగా అరిచి అడుగుతుంటారు. ఇల్లు, సంతానం, పెళ్లి, డబ్బు. పొదిలి నుంచి వచ్చిన ఒకామె నా దగ్గర రొట్టె పట్టి, "మా ఆయనకి కువైట్ వీసా అన్నా, ఏజెంటు లక్షన్నర అడుగుతుండాడు, అప్పుకి తిరుగుతుండాం" అంది.

రొట్టె ఇచ్చి ఊరుకోలేకపోయాను. చట్టప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది మహా అయితే 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతేనమ్మా అన్నాను. అతనికి లైసెన్సుందో లేదో ప్రభుత్వం వాళ్ల ఈమైగ్రేట్ సైట్‌లో చూసుకోమన్నాను. ఆగకుండా నా రెండు లక్షలు, నూటికి మూడు, అది తీరడానికి పట్టిన నాలుగేళ్లు, అన్నీ చెప్పేశాను. నా భార్య పక్కనే ఉంది.

గట్టెక్కాక చీర కుచ్చిళ్లు పిండుకుంటూ అడిగింది. "మూడా? నాతో రెండన్నావే. చెల్లెలి పెళ్లికి తెచ్చింది ఎంత? అది కూడా ఇప్పుడే చెప్పు."

రెండున్నర లక్షలు, నూటికి రెండు, ఇంకా లక్షా ఇరవై మిగిలుంది అని చెప్పాను.

"సంఘంలో బ్యాంకు అప్పు నూటికి రూపాయి కూడా పడదు. ఈ ముక్క ముందే చెప్పుంటే నా వంతు పోయినేడే ఎత్తేదాన్ని కదయ్యా" అంది.

సంఘంలో అడిగి తెచ్చింది. ఆగస్టులో నేను ఫ్లైట్ ఎక్కేలోపు బాకీ కట్టేసి నోటు వెనక్కి తెచ్చుకున్నాం.