సేవ చేయడానికి డిగ్రీ ఎందుకమ్మా?

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్తే, ఎందుకు చేరాలనుకుంటున్నారని అడిగారు. "నలుగురికీ సేవ చేద్దామని" అన్నాను. బల్లకి అవతల కూర్చున్న మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "సేవకి డిగ్రీ ఎందుకమ్మా? రేపట్నుంచే మొదలుపెట్టొచ్చుగా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. సీటైతే వచ్చింది గానీ, ఆవిడ ప్రశ్న మాత్రం చాలా రోజులు వెంటాడింది.

నాది బీకాం. పన్నెండో తరగతి కాగానే ఇదే సబ్జెక్టులో డిగ్రీ, బీఎస్‌డబ్ల్యూలో చేరే దారి ఒకటుందని అప్పట్లో తెలీదు. తెలియనందువల్ల కొంప మునిగిందేమీ లేదు. మా కోర్సులో ఏ డిగ్రీ వాళ్లనైనా తీసుకున్నారు. మా బ్యాచ్‌లో బోటనీ చదివినవాళ్లున్నారు, పదేళ్లు నర్సుగా చేసి వచ్చినావిడ ఉన్నారు. ఒక్కో మనిషితో విడిగా చేసే కేస్‌వర్క్, గుంపుతో చేసే గ్రూప్‌వర్క్, ఊరితోనో బస్తీతోనో చేసే కమ్యూనిటీ ఆర్గనైజేషన్, వాటితోపాటు మానవ ప్రవర్తన, సామాజిక చట్టాలు, రీసెర్చ్ మెథడ్స్. స్టాటిస్టిక్స్ దగ్గర నా బీకాం అక్కరకొచ్చింది. థియరీ గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు, కూర్చుని చదివితే వచ్చేస్తుంది.

కూర్చుంటే రానిది ఫీల్డ్‌వర్క్. వారానికి రెండు రోజులు. నన్ను ఒక ఆసుపత్రిలో వేశారు. పొద్దున్నే వెళ్లి మనుషులతో మాట్లాడటం, రాత్రికి ఆ సంభాషణంతా గుర్తుచేసుకుని మాటకు మాట రాయడం. దాన్నే ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. నా మొదటి రికార్డు, వార్డు బయట బెంచీ మీద కూర్చున్న ఒకావిడ గురించి. భర్తని చేర్చి మూడు రోజులైంది, రాసిచ్చిన పరీక్ష ఇంకా చేయించలేదు. "ఆందోళనగా ఉంది. భర్త ఆరోగ్యం విషయంలో కొంత నిర్లక్ష్యం కనిపించింది" అని రాసిచ్చాను. బాగా రాశాననే అనుకున్నాను కూడా.

సూపర్‌వైజర్ 'ఆందోళన', 'నిర్లక్ష్యం' రెండింటికీ ఎర్ర సున్నాలు చుట్టి తిరిగిచ్చారు.

"ఇవి నీ మాటలు. నువ్వు చూసిందేంటి?"

"చేతిలో చీటీ ఉంది మేడం. అస్తమానం మడత పెట్టడం, విప్పడం."

"మరి అది రాయలేదే? చీటీ సంగతి అడిగావా?"

అడగలేదు. మర్నాడు వెళ్లి అడిగాను. మడతల దగ్గర చిరుగు పట్టి, అక్షరాలు చెరిగిపోయి ఉందా చీటీ. ఆవిడకి చదవడం రాదు. రెండుసార్లు వేరే వరసలో నిలబడితే వెనక్కి పంపారట, మూడోసారి ఎవర్నీ అడగడానికి మొహం చెల్లలేదట. చీటీ మళ్లీ రాయించి, తోడు వెళ్లి కౌంటర్ చూపించాను. పది నిమిషాల పని.

అమెరికాలో సోషల్ వర్క్ ప్రొఫెసర్ ఫెలిక్స్ బీస్టెక్ 1957లో కేస్‌వర్క్‌కి ఏడు సూత్రాలు చెప్పాడు. ఎదుటివారిని తప్పొప్పుల తూకంలో పెట్టకపోవడం అందులో ఒకటి. ఆ ఏడూ నాకు అప్పటికే కంఠతా వచ్చు. అయినా ఆవిడకి 'నిర్లక్ష్యం' అంటగట్టాను. ఇంటర్వ్యూలో మేడం అడిగినదానికి నా దగ్గర ఇప్పటికీ ఉన్న జవాబు ఆ రెండు ఎర్ర సున్నాలే.

డిగ్రీ తర్వాత సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లాండ్‌లో రిజిస్టర్ కాకుండా సోషల్ వర్కర్‌నని చెప్పుకోవడం చట్టరీత్యా కుదరదు. అమెరికాలో గుర్తింపున్న కోర్సులైతే బీఎస్‌డబ్ల్యూకి కనీసం 400 గంటలు, ఎంఎస్‌డబ్ల్యూకి 900 గంటలు ఫీల్డ్‌లో గడపాలి. ఆ పైన లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి నిబంధన చూసుకున్నాకే కోర్సుకి ఫీజు కట్టండి.

ఇంకోటి, నేను చేసిన తప్పు. ఫీల్డ్ గంటల లెక్క రాసి, సంతకం పెట్టిన కాగితం ఏ సెమిస్టర్‌కి ఆ సెమిస్టర్ చేతికి తీసుకోండి. నేను మొదటి సెమిస్టర్‌ది బద్ధకించాను. ఉద్యోగానికి అడిగేసరికి సూపర్‌వైజర్ అక్కడ లేరు, కొత్తగా వచ్చినాయన "మీరెవరో నాకు తెలీదు, ఎలా పెట్టను?" అన్నారు. ఆయన తప్పేం లేదు. రెండు నెలలు తిరిగాక, పాత హాజరు రిజిస్టరులో నా పేరు దొరికాక, అప్పుడు పెట్టారు.