యముడు చెల్లెలింటికి వెళ్లిన రోజు

"భగినీ హస్త భోజనానికి వస్తున్నా అక్కా" అని ఫోన్ చేసి చెబితే మా అక్క ఏమీ సంబరపడలేదు. "రైలెక్కాక చెప్పు, అప్పుడు కంద తరుగుతా" అంది. ఆవ పెట్టిన కంద బచ్చలి కూరంటే నాకు ప్రాణం. కంద చెక్కు తీస్తే చేతులు ఎంత దురద పెడతాయో వంటింటి మొహం చూసినవాళ్లకు తెలుసు. వస్తానని చెప్పి రాకుండా రెండేళ్లు వరుసగా ఆమె చేత ఊరికే కంద తరిగించాను. మూడోసారి నమ్మకపోతే తప్పు ఆమెది కాదు.

దీపావళి అమావాస్య వెళ్లాక వచ్చే కార్తీక శుద్ధ విదియ ఈ పండగ. యమ ద్వితీయ అని కూడా అంటారు. ఉత్తరాదిలో భాయ్ దూజ్. 2025లో ఇది అక్టోబరు 23, గురువారం వచ్చింది. సెలవు రోజు కాదు, ఆఫీసులో అడిగి తీసుకోవాలి. అడగడానికి నేను పడ్డ టెన్షన్ చూస్తే యముడి కథ నాకోసమే చెప్పారేమో అనిపించింది.

సూర్యుడికీ సంజ్ఞాదేవికీ పుట్టిన పిల్లలు యముడు, యమున. చెల్లెలు నది అయింది, అన్న దక్షిణ దిక్కుకు అధిపతి అయ్యాడు. మా ఇంటికి ఒక్కసారి రా అన్నయ్యా, నా చేత్తో అన్నం పెడతాను అని ఆమె ఎన్నిసార్లు పిలిచినా, ఆయనకు పనే. ఆ పని ఎటువంటిదో చెప్పక్కర్లేదు కదా, అందులో ఒక్కరోజు కూడా ఆగేది లేదు. యముడికి కాలుడని ఇంకో పేరు. అందరి కాలాన్నీ లెక్కగట్టేవాడికి చెల్లెలింటికి వెళ్లడానికి తీరిక దొరకలేదు. చివరికి కార్తీక శుద్ధ విదియనాడు బయల్దేరాడు. బయల్దేరే ముందు నరకంలో ఉన్నవాళ్లను వదిలిపెట్టాడని కొందరు చెబుతారు. నాకు ఆ ముక్క చాలా ఇష్టం. ఆయన పని ఒకరోజు ఆగితే లోకానికి వచ్చిన నష్టమేమీ లేదు, పైగా కొందరు బతికిపోయారు.

యమున హారతిచ్చి, బొట్టుపెట్టి, దగ్గర కూర్చుని వడ్డించింది. తృప్తిగా తిన్న అన్న వరం కోరుకోమన్నాడు. ఏటా ఈ రోజున మా ఇంటికి రావాలి అంది. ఈ రోజున తోబుట్టువు చేతి అన్నం తిన్నవాడికి నీ భయం ఉండకూడదు అని కూడా అడిగింది. పుస్తకాల్లో రెండో కోరికకే ప్రచారం ఎక్కువ. అపమృత్యు దోషం పోతుందని, సోదరికి సౌభాగ్యమని రాస్తారు. ఆమె ముందు అడిగింది మాత్రం మళ్లీ రమ్మనే.

ఈ రోజు గురించి ధర్మశాస్త్ర గ్రంథాలు ఉదాహరించే శ్లోకాలు యుధిష్ఠిరుణ్ణి సంబోధిస్తూ ఉంటాయి. యుధిష్ఠిరుడు యమధర్మరాజు వరపుత్రుడు కాబట్టి, ఆ లెక్కన యమున ఆయనకు మేనత్త. అంటే వాళ్ల నాన్న తన చెల్లెలింటికి భోజనానికి వెళ్లిన కథ ఆయనకే చెబుతున్నారన్న మాట! ఆ రోజు సొంత ఇంట్లో తినకూడదని చెప్పి, ఆ వెంటనే అంటారు: "స్నేహేన భగినీహస్తాద్ భోక్తవ్యం పుష్టివర్ధనమ్". ప్రేమగా, సోదరి చేతి నుంచి తినాలి, అది పుష్టినిస్తుంది అని. సోదరి లేనివాళ్లు పెదనాన్న, బాబాయి కూతుళ్ల ఇళ్లకు, లేదంటే సోదరిగా భావించిన ఆమె ఇంటికి వెళ్లవచ్చు. ఎవరింటికైనా సరే, వెళ్లడం మాత్రం తప్పదు. హస్తాత్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. రాలేకపోయిన రెండేళ్లూ అక్కకు ఆన్‌లైన్‌లో చీర పంపాను. అందినట్టు ట్రాకింగ్‌లో కనిపించింది కూడా. చీర పంపగలిగాను కానీ, ఆమె చేత్తో పెట్టే ముద్ద పార్సిల్లో రాదు.

మన పండగల్లో ప్రయాణం ఎక్కువగా ఆడపిల్లదే. సంక్రాంతికి పుట్టింటికి ఆమే రావాలి, రాఖీకి కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి ఆమే రావాలి. ఈ ఒక్కరోజు మాత్రం సంచి సర్దుకోవలసింది మగపిల్లాడు. మధురలో విశ్రామ్ ఘాట్ దగ్గర ఈ రోజున అన్నాచెల్లెళ్లు చేతులు పట్టుకుని యమునలో మునుగుతారట. అక్కడ ఈ ఇద్దరికీ గుడి కూడా ఉంది. అంత దూరం నాకెందుకు, మా అక్క ఉండేది పాలకొల్లే.

పాలకొల్లు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2019 కార్తీకంలో విజయవాడ నుంచి పంచారామాల బస్సెక్కాను. ఒక్కరోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూపించాలంటే గుడి దగ్గర ఎంతసేపు ఆపుతారు? క్షీరారామంలో దర్శనమయ్యాక అరగంట కూడా లేదు. ఆ తొమ్మిది అంతస్తుల గోపురం అక్క వాళ్ల డాబా మీద నుంచి కనిపిస్తుంది. గోపురం కింద నిలబడితే అక్క ఇల్లు కనిపించదు. బస్సు వెళ్లిపోతుందని ఫోన్ కూడా చేయకుండా వచ్చేశాను. వాళ్ల పక్కింటావిడ నన్ను క్యూలో చూసిందట. అక్క రెండేళ్లపాటు ఆ మాటే ఎత్తలేదు. తర్వాత ఒకసారి ఏదో మాట్లాడుతూ మామూలుగా అడిగింది, "ఆ రోజు దర్శనం బాగా అయిందా?" అని.

మొన్న విదియ ముందురోజు రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎక్కగానే ఫోన్ చేస్తే బావ తీసి, మీ అక్క పడుకుంది అన్నాడు. తెల్లవారుతుండగా ఆకివీడు దగ్గర మళ్లీ చేశాను. ఈసారి అక్కే తీసింది.

"రైల్లోనే ఉన్నావా, నిజంగా?"

"నిజం అక్కా."

"ఏదీ, కూత వినిపించు."

కూత మన చేతిలో ఉంటుందా? ఫోన్ కిటికీ ఊచల్లోంచి బయటికి పెట్టి పట్టుకున్నాను. చేపల చెరువుల మీదుగా చల్లగాలి, చక్రాల చప్పుడు. చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆమె అప్పటికే వంటింట్లో ఉన్నట్టుంది. కత్తిపీట వాల్చిన చప్పుడు వినిపించింది.