శనివారం తలనొప్పి

మా ఇంట్లో మైగ్రేన్‌ని ఒంటికణత నొప్పి అంటారు. మా అవ్వకి ఉండేది, అమ్మకి ఉంది, నాకు పదో తరగతిలో మొదలైంది. అవ్వ శొంఠి అరగదీసి కణతకి పట్టు వేసేది. పెళ్లయితే అదే పోతుందిలే అనేది అమ్మ. పెళ్లయి పదమూడేళ్లయింది.

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక చీరల కొట్టులో బిల్లింగ్ చూస్తాను. నొప్పికి ముందు బిల్లులోని అంకెల మీద రంపపు పళ్ల మాదిరి ఒక మెరుపు గీత కనపడుతుంది. అది మెల్లగా పక్కకు జరుగుతూ పెద్దదై, అరగంటలో మాయమవుతుంది. ఆ వెంటనే ఎడమ కన్ను వెనక దబదబ మొదలు. లైట్లు చూడలేను. చీరలు కొనడానికి వచ్చినవాళ్ల జడల్లో మల్లెపూల వాసనకి కూడా వాంతి వస్తుంది. ఒక్కోసారి రెండు రోజులు వదలదు.

చాలా ఏళ్లు మెడికల్ షాపే నా ఆసుపత్రి. "అన్నా, ఆ తలనొప్పి మాత్ర ఒక స్ట్రిప్ ఇవ్వన్నా" అంటే చాలు. నెలకు రెండు స్ట్రిప్పులు అయిపోయేవి. చివరికి న్యూరాలజీ డాక్టరుకు చూపించుకుంటే ముందు ఆ లెక్కే అడిగారు. నెలలో పది, పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట. పరీక్ష చేసి, స్కాన్ అక్కర్లేదన్నారు. స్కాన్ తీయలేదే అని నాకు దిగులు, అది వేరే సంగతి. రోజూ వేసుకునే మాత్ర ఒకటి, నొప్పి మొదలవగానే వేసుకునేది ఇంకొకటి రాశారు. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత నొప్పి వచ్చినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా మాత్ర వేసుకుని కూర్చోకుండా ఆసుపత్రికి రమ్మన్నారు.

ఆయుర్వేదం మా ఆడపడుచు సలహా. ముందు వెళ్లినచోట నాడి పట్టుకుని, రెండు నిమిషాల్లో పేరు లేని పొడి పొట్లం చేతిలో పెట్టి పదిహేను వందలు తీసుకున్నారు. తర్వాత ఆయుర్వేద ఆసుపత్రిలో డాక్టరమ్మకి ఆ పొట్లం చూపిస్తే పక్కన పెట్టేశారు. "రసౌషధాల్లో పాదరసం ఉంటుందమ్మా. ఇందులో ఏం కలిపారో తెలియకుండా నోట్లో వేసుకోకు" అన్నారు. ఇంగ్లీషు మందులు ఆపమని మాత్రం అనలేదు.

ఆయుర్వేదంలో ఈ నొప్పి పేరు అర్ధావభేదకమట, సగం తలను చీల్చేది. పది రోజులకో, పక్షానికో, లేదంటే ఉన్నట్టుండో వస్తుందని పూర్వకాలపు వైద్యుడు సుశ్రుతుడు రాశాడని చెబితే నవ్వొచ్చింది, నన్ను చూసే రాసినట్టుంది. తిండి, నిద్ర, విరేచనం, నెలసరి అన్నీ అడిగి, నొప్పి వచ్చిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయమన్నారు.

ఇచ్చింది పథ్యాది కషాయం. కరక్కాయ, తానికాయ, ఉసిరి, నేలవేము, పసుపు, వేప, తిప్పతీగ. బెల్లం కలుపుకున్నా నాలుక మీద చేదు గంటసేపు పోదు.

ఏడు రోజులు నస్యం చేశారు. మొహానికి నూనె రాసి రుద్ది, కళ్ల మీద తడిగుడ్డ కప్పి ఆవిరి పట్టారు. తర్వాత తల వెనక్కి వాల్చి పడుకోబెట్టి, ఒక ముక్కు మూసి, రెండో ముక్కులో గోరువెచ్చని షడ్బిందు తైలం వేశారు. పేరులోనే ఉంది, ఆరు చుక్కలు. ముక్కులోంచి కణత దాకా చురుక్కుమంది, కళ్లలో నీళ్లు కారాయి. గొంతులోకి దిగింది మింగకూడదు, ఉమ్మేయాలి. మొదటిరోజు నేను మింగేసి తిట్లు తిన్నాను. తర్వాత వేడినీళ్లతో పుక్కిలింత. ఆరోజు తలస్నానం, ఫ్యాను గాలి వద్దు. మే నెల తిరుపతిలో ఫ్యాను లేకుండా ఉండటమే అసలు చికిత్స అనిపించింది.

ఆరు వారాల తర్వాత పుస్తకం చూసి డాక్టరమ్మ ఒక్కటే అడిగారు, "శనివారం ఏం చేస్తావు?" తొమ్మిది నొప్పుల్లో ఐదు శనివారాలవే. నాకేమో ఎండ మీదే అనుమానం. శనివారం ఒక్కపొద్దు, పొద్దుగూకేదాకా కాఫీల మీదే నెట్టుకొస్తాను, పైగా కొట్టులో రద్దీ. పూట తప్పించొద్దని న్యూరాలజీ డాక్టరు కూడా చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు.

ఒక్కపొద్దు మానేస్తే ఇంట్లో ఏమంటారోనని టెన్షన్ పడ్డాను. అత్త మాత్రం, "తిని మొక్కుకో అమ్మే. ఆకలితో ఉండమని స్వామి నీకేమన్నా చీటీ రాసిచ్చినాడా?" అంది. ఇప్పుడు శనివారం ఎనిమిదింటికల్లా ఉప్మా తిని బయలుదేరుతాను.

నెలకు ఆరేడు వచ్చేవి, ఇప్పుడు రెండు. మాత్ర పనిచేసిందో, కషాయమో, ఉప్మానో నేను చెప్పలేను, ఇప్పుడు మూడూ కలిసే నడుస్తున్నాయి. ఈ నెల మొదటిది తిరుచానూరులో మిట్టమధ్యాహ్నం పెళ్లి ఊరేగింపు వల్ల. రెండోది మంగళవారం, తిండి సరిగానే తిన్నాను, నిద్ర కూడా సరిపోయింది. దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.