బెల్లం కొరకలేదు

రెండో శనివారం. నాకు ఆఫీసు లేదు, చిన్నికి బడి లేదు. పొద్దున ఆరున్నరకే లేచి వంటింటి త్రాసు తీసి బండ మీద పెట్టాను. స్టీలు గిన్నెలో పాత టవల్ ముక్క పరిచి, అంకె సున్నాకి తెచ్చి, మా గినీ పిగ్గు జున్నుని అందులో కూర్చోబెట్టాను. 812 గ్రాములు. పోయిన శనివారం 790. పెరిగింది గుప్పెడు అటుకులంత బరువే అయినా క్యాలెండర్ గడిలో ఆ అంకె రాస్తుంటే ప్రాణం లేచొచ్చింది. రోగం వచ్చిన గినీ పిగ్గు ముందు తిండి తగ్గిస్తుంది, ఆ తగ్గడం మన కంటికి ఆనదు. త్రాసు మాత్రం చెప్పేస్తుంది.

ఈరోజు దానికి రెండో ఇంజెక్షన్. రెండు వారాల కిందట ఇంట్లో ఉన్న పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

జున్ను, బెల్లం అన్నదమ్ములు. ఒకటి పాలజున్ను రంగు, ఇంకొకటి అచ్చం కొత్తబెల్లం రంగు. చిన్ని అయిదో తరగతిలో ఉండగా వచ్చాయి, రెండేళ్లయింది. మా అత్తమ్మ వాటిని ఇప్పటికీ ‘తోకలేని ఎలుకలు’ అనే అంటుంది, కానీ కొత్తిమీర కాడలు పారేయకుండా దాచేది ఆమే. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైతే చాలు, ఇద్దరూ ‘వీక్ వీక్’ అని ఇల్లు ఎగరగొడతారు.

నెల కిందట జున్ను భుజం మీద బొచ్చు పలచబడింది. నాలుగు రోజులకి అక్కడే రూపాయి బిళ్ళంత పుండు. చూడగానే బెల్లమే కొరికిందనుకున్నాను. మగవి రెండూ కొట్టుకుంటాయని ఎక్కడో విన్నాను, ఇంకేమీ ఆలోచించలేదు. అదేరోజు జాలీ తెప్పించి గూడు మధ్యలో అడ్డం కట్టేశాను. బెల్లాన్ని కసిరాను కూడా. అది వారమంతా ఆ జాలీకి ముక్కు ఆనించి కూర్చుంది. ఇవతల జున్నుకేమో రోజూ రాత్రి బెటాడిన్ రాస్తున్నాను, పుండేమో రోజురోజుకీ పెద్దదవుతోంది. అడ్డం కట్టాక కూడా పెరుగుతోందంటే కొరికేవాళ్లు ఎవరూ లేరు కదా అని నాకు తట్టాలి. తట్టలేదు.

తట్టింది అత్తమ్మకి. ఆమె పుట్టిల్లు పరకాల దగ్గర పల్లె, చిన్నప్పుడంతా మేకల వెంటే తిరిగిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, ‘కొరికితె పంటిగాటు కనవడ్తది గని, గిట్ల పొక్కులు పొక్కులు లేస్తదా బిడ్డా? ఇది గజ్జి. మేకలకు అచ్చం గిట్లనే అయితుండె. ఒక్కదానికి అయినా మందకంత మందు వేసేటోళ్లం’ అంది.

‘అవి మేకలు కాదత్తమ్మా’ అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం రాత్రి చిన్ని కొత్తిమీర పెట్టి జున్ను వీపు నిమిరింది. చెయ్యి అలా తగిలిందో లేదో, అది ఒక్కసారి గిలగిల కొట్టుకుని పక్కకి పడిపోయింది. వెనక కాళ్లు గాలిలో తన్నుకుంటున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ‘ఫిట్స్ వచ్చినయి!’ అని మా ఆయన గట్టిగా అరిచాడు. అర నిమిషం ఉంటుందేమో. తర్వాత అదే లేచి మూలకి వెళ్లి ముడుచుకుంది. చిన్ని ఆ రాత్రి పడుకోలేదు. ‘నేను ముట్టుకున్నందుకేనా అమ్మా’ అని ఒకటే అడుగుడు.

సోమవారం సెలవు పెట్టాను. మొదట వెళ్లిన క్లినిక్కులో కుక్కలు, పిల్లులు మాత్రమే చూస్తామన్నారు. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది కదా, అక్కడికి పోదామని మా ఆయన బయల్దేరదీస్తుంటే, మా ఆఫీసులో కుందేళ్లు పెంచే ఒకామె ఫోన్ చేసి హన్మకొండలోనే ఒక డాక్టరమ్మ ఉందని చెప్పింది. చిన్న వయసు, తొందరపడని మనిషి. ముందు టార్చి పట్టుకుని బొచ్చు పాయలు పాయలుగా తీసి చూసింది. నేను వారం రోజులు పుండునే చూశాను తప్ప, చుట్టుపక్కల బొచ్చు ఒక్కసారి కూడా విడదీసి చూడలేదు. ఆమె విడదీస్తే కింద చర్మం ఎర్రగా, మందంగా, పైన పొట్టు పొట్టుగా లేచి ఉంది, అదీ పుండు లేని చోట. ఆ తర్వాత జున్ను వెనక కాలు మెల్లగా పట్టుకుని ముందుకి వంచింది. మూడు వేళ్ళు, మూడు పొడుగాటి గోళ్ళు. ఆ గోళ్ళు సరిగ్గా ఎక్కడికి అందాయో అక్కడే పుండు ఉంది.

‘దీని గోళ్ళేనండి’ అంది. ‘దురదకి తట్టుకోలేక గీరుకుంది.’

పుండు అంచున బ్లేడుతో మెల్లగా గీకి, గాజు పలక మీద నూనె చుక్కలో కలిపి మైక్రోస్కోప్ కింద పెట్టింది. ‘చూస్తారా మేడం?’ అని నన్ను పిలిచింది. గుండ్రంగా, పొట్టి పొట్టి కాళ్ళతో ఏదో మెల్లగా కదులుతోంది. ట్రిక్సాకారస్ కేవియే అంటారట, గినీ పిగ్గులకి పట్టే గజ్జి పురుగు. మామూలు కంటికి కనిపించదు. చర్మంలోకి సొరంగంలా తవ్వుకుంటూ పోయి అక్కడే గుడ్లు పెడుతుంది. ఒక్కోసారి ఎంత గీకినా పలక మీదికి దొరకదు, లక్షణాలు చూసే మందు ఇచ్చేస్తారు. మాకు మొదటిసారికే దొరికింది. ఆ దురద ఎంత భయంకరమంటే, ముదిరితే చెయ్యి తగిలినా ఫిట్స్ లాగా వస్తాయట. చిన్నికి ఆ మాట ఇంటికెళ్లగానే చెప్పాను. తప్పు తనది కాదని తెలిశాకే అన్నం తింది.

‘అయితే బెల్లం కొరకలేదా?’ అని డాక్టరమ్మని మళ్ళీ అడిగాను. కొట్టుకుంటే గాట్లు ఎక్కువగా పిర్రల మీద, చెవుల మీద, మూతి దగ్గర పడతాయి, ఇలా ఉండదు అంది. రెండోదాన్ని కూడా తీసుకురండి, దానికీ ఉండే ఉంటుంది అని కూడా అంది. అత్తమ్మ చెప్పిన మంద మాటే ఇది. మర్నాడు బెల్లాన్ని తీసుకెళ్తే దాని తొడల లోపలి వైపు అదే పొట్టు. దానికీ దురద ఉంది. నేను తిట్టిన వారమంతా ఉంది.

ఆమె అడిగిన ప్రశ్నలన్నీ గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే బొచ్చు రాలడం ఒకటే అయినా కారణాలు వేరు వేరు. ముక్కు మీద, కళ్ళ చుట్టూ, చెవుల మీద గుండ్రంగా పొలుసులు కడితే అది తామర, మనుషులకీ అంటుకుంటుంది, ఈ వానాకాలం తేమలో ఇంకా తొందరగా. దురద లేకుండా రెండు పక్కలా సమానంగా బొచ్చు ఊడితే, అదీ వయసు మళ్ళిన ఆడదైతే, అండాశయంలో నీటితిత్తులేమో చూడాలి. కత్తెరతో కత్తిరించినట్టు మొదళ్ళు మిగిలితే ఒకదానిదొకటి బొచ్చు కొరుక్కుంటున్నట్టు. గడ్డి చాలకపోయినా, ఊరికే కూర్చుని విసుగెత్తినా ఆ పని చేస్తాయి. చెవుల వెనక చిన్న బట్టతల మాత్రం అన్నింటికీ పుట్టుకతోనే ఉంటుంది. వీటిని తెచ్చిన కొత్తలో అది చూసి మేము రెండు రోజులు ఊరికే టెన్షన్ పడ్డాం.

ఇంట్లో ఎవరికైనా దద్దుర్లున్నాయా అని కూడా అడిగింది. చిన్ని ముంజేతి మీద ఎర్రటి పొక్కులు, దోమలనుకుని ఓడోమాస్ రాస్తున్నాను! ఈ పురుగు మనిషి మీద నిలబడి పెరగదు కానీ ఎత్తుకున్న చోట కుట్టి దద్దుర్లు లేపుతుందట. జున్ను, బెల్లం బాగయ్యేకొద్దీ చిన్ని చెయ్యి కూడా దానంతటదే తగ్గిపోయింది.

ఇంకో సంగతి రాయకపోతే నా మనసు ఊరుకోదు. పుండు చీము పడుతోందని, చిన్నికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ ఒక్క చుక్క పోద్దామని ఆదివారం పొద్దున మూత కూడా తీశాను. డ్రాపర్ కనిపించక ఆగిపోయాను. డాక్టరమ్మకి చెబితే ఆమె ముఖం మారిపోయింది. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే గినీ పిగ్గుల పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చి, చెడ్డది పెరిగి, విషం పుట్టి ప్రాణమే పోతుందట. వాటికి వాంతి చేసుకునే శక్తి కూడా లేదు, లోపలికి పోయింది పోయినట్టే. ఆమె ఇచ్చినవి వేరే: పుండుకి ఎన్రోఫ్లాక్సాసిన్ చుక్కలు, నొప్పికి మెలాక్సికామ్, పురుగుకి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్, అన్నీ బరువు చూసి లెక్కగట్టి. వేపనూనె రాద్దామన్న అత్తమ్మ మాట కూడా అడిగాను. నాకేస్తాయి, వద్దు అంది. కుక్కల గోమార్ల మందు అసలే వద్దంది.

ఇక ఈరోజు. తొమ్మిదింటికి ముసురు కాస్త తెరిపిచ్చింది. ఇద్దరినీ ఒకే బుట్టలో, మధ్యలో అట్టముక్క పెట్టి, ఆటోలో తీసుకెళ్లాం. శాకంబరి ఉత్సవాల రోజులు కదా, భద్రకాళి గుడి వైపు బాగా రద్దీ. చిన్ని ఆటోలోంచే దండం పెట్టుకుంది. పుండు మీద పక్కు ఎండింది, అంచుల్లో తడి లేదు. డాక్టరమ్మ గోళ్ళు కత్తిరించి, నాకూ నేర్పింది. తెల్లగోరులో లోపల గులాబీ రంగు గీత ఒకటి కనిపిస్తుంది, అది రక్తనాళం, దాన్ని వదిలి ముందు కొసనే తుంచాలి. బెల్లం గోళ్ళు నలుపు, ఏమీ కనిపించదు. వెనక నుంచి ఫోన్ టార్చి పట్టి చూపించింది. మందు పురుగుల మీద పని చేస్తుంది కానీ గుడ్ల మీద చేయదు, అందుకే అవి పొదిగి బయటికొచ్చే లెక్క చూసి మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు నయీంనగర్ దగ్గర అర కిలో జామకాయలు తీసుకున్నాను. మనలాగే వీటి ఒంట్లోనూ సి విటమిన్ తయారవదు, తిండిలోంచే రావాలి. కిలో బరువుకి రోజుకి 10 మిల్లీగ్రాములన్నా కావాలి, జబ్బులో ఉంటే 30 దాకా. అది తక్కువైతే పుండు మానదు, బొచ్చు గరుకెక్కుతుంది. నీళ్ళలో కలిపే చుక్కలు కొన్నాళ్ళు వాడాను కానీ వెలుతురుకే దాని బలం పోతుందట. ఇప్పుడు రోజూ ఒక చిన్న జామ ముక్క, క్యాప్సికం ముక్క, కొత్తిమీర. అన్నిటికంటే ఎక్కువగా గడ్డి, పూటపూటకీ.

మధ్యాహ్నమంతా గుడ్డల పనే. గూట్లో పరిచే పాత దుప్పటి ముక్కలు రోజూ మారుస్తున్నాను, వేడినీళ్ళలో నానబెట్టి ఉతుకుతున్నాను. ఎండ లేదు కాబట్టి ఒక్కొక్కటి రెండు వైపులా ఇస్త్రీ చేస్తున్నాను, కుట్ల దగ్గర ఇంకొంచెం అదిమి. చెక్క గుడిసె పారేశాం. గూడుతో పాటు దుకాణంలో ఇచ్చిన తీగల అడుగు ఎప్పుడో తీసేశాను, దాని మీద తిరిగితే పాదాలు కూడా పుండ్లు పడతాయి. వానాకాలం ఈగలు పచ్చిపుండు మీద గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుందని డాక్టరమ్మ భయపెట్టింది, మంచిపనే చేసింది. గూటి మీద దోమతెర కప్పాం. పుండుని సెలైన్‌తో తడిపిన పలచటి గాజ్ గుడ్డతో అద్దుతాను, రుద్దను. దూది వాడితే పోగులు పక్కుకి అతుక్కుంటాయి. కట్టు కట్టను, కొరికి మింగేస్తుంది.

సాయంత్రం అసలు పని. పుండు ఎండింది కాబట్టి ఇద్దరినీ కలపొచ్చని చెప్పింది. కానీ విడిగా ఉన్న మగవి కదా, పాత గూట్లో కాకుండా ఇద్దరికీ కొత్తైన చోట కలపమంది. వరండాలో ఉతికిన గుడ్డ పరిచి, మధ్యలో గరిక కుప్ప పోశాం. నేను చేతిలో మందపాటి టవల్ పట్టుకుని కూర్చున్నాను. బెల్లం ముందు పళ్ళు కటకటలాడించింది. నా గుండె ఆగినంత పనైంది. జున్ను కదల్లేదు. బెల్లం దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నడుము ఊపుతూ గుర్రుమని, జున్ను చెవి దగ్గర వాసన చూసి, పుండు దాకా వచ్చి ఆగింది. తర్వాత గరిక మీదికి వంగింది. కాసేపటికి ఒకే గరిక పోచ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నములుతున్నారు.

‘పాపం, అన్న మీద ఎంత నింద వెట్టితిరి’ అంది అత్తమ్మ గడప దగ్గర కూర్చుని జామకాయ కోస్తూ. మొదటి ముక్క బెల్లానికే వేసింది.

‘నువ్వు చెప్పింది వినాల్సిందత్తమ్మా’ అన్నాను. ఆమె ఏమీ అనలేదు, రెండో ముక్క నా చేతికిచ్చింది, జున్నుకి పెట్టమని.

పెడుతూ దగ్గరగా చూశాను. పక్కు చుట్టూ గులాబీ చర్మం మీద నువ్వుపొట్టంత సన్నగా తెల్లటి బొచ్చు మొలుస్తోంది. చిన్నిని పిలిచి చూపించాను. వేలు దగ్గరదాకా తెచ్చి ఆపేసింది. ముట్టుకో, ఏం కాదన్నాను. ఒక్క వేలితో వీపు మీద అలా రాసింది. జున్ను కదలకుండా జామముక్క తింటూనే ఉంది.

మూడో ఇంజెక్షన్ వచ్చే గురువారం కాక ఆపై గురువారం. క్యాలెండర్‌లో ఆ గడి చుట్టూ సున్నా చుట్టి పక్కన రెండు పేర్లూ రాశాను.