గ్రాఫిక్స్ కార్డు లేని గేమింగ్ పీసీ

శనివారం

తమ్ముడి ఇంటర్ పరీక్షలయ్యాక పీసీ కొనిస్తానని మాటిచ్చాను. ఇవాళ ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం, అందరూ సీటీసీ అనేది దాన్నే. చేతిలో 30 వేలు. మానిటర్, కీబోర్డు ఇంట్లో పాతవే ఉన్నాయి.

గేమింగ్ అనగానే ముందు గ్రాఫిక్స్ కార్డు కొనేసి, మిగతావన్నీ నాసిరకంతో సర్దుకునేవాళ్లే ఎక్కువ. నాకది ఇష్టం లేదు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాం. 2021లో వచ్చింది, 6 కోర్లు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 8 జీబీ ర్యామ్‌లు రెండు అడిగాను. షాపతను 16 జీబీ ఒక్కటి చూపించి, "ఇంకోటి తర్వాత వేసుకోవచ్చు మేడమ్" అన్నాడు. ఒక్కటే వేస్తే మెమరీకి ఒకే దారి ఉంటుంది, గేముల్లో సెకనుకు కనిపించే ఫ్రేములు (బొమ్మలు) బాగా తగ్గిపోతాయి. నేను ఒప్పుకోలేదు.

అసలు గొడవ క్యాబినెట్ దగ్గర. అద్దం తలుపు, రంగురంగుల లైట్లు, పైగా ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పెట్టె) ఫ్రీ. తమ్ముడు దాన్ని వదిలి కదలడే! ఫ్రీగా ఇచ్చే ఎస్ఎంపీఎస్‌ని నేను నమ్మను. బోర్డుకీ, ప్రాసెసర్‌కీ కరెంటు దాన్నుంచే వెళ్తుంది. అది పోతూ పోతూ వాటినీ తీసుకుపోగలదు. మామూలు క్యాబినెట్ తీసుకుని, మిగిలిన డబ్బు 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే సర్టిఫికెట్) ఉన్న ఎస్ఎంపీఎస్ మీద పెట్టాను. రేపు గ్రాఫిక్స్ కార్డు కొన్నా ఇదే సరిపోతుంది. వాడి మొహం మాడిపోయింది. "లైట్లు ఎప్పుడైనా పెట్టుకోవచ్చురా" అంటే పలకలేదు.

పక్క షాపులో సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డులు వరసగా పేర్చి ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు మార్కెట్లోకి చాలా వచ్చాయి. రాత్రింబవళ్లు నడిచిన కార్డు ఎంత అరిగిందో పైకి చూసి చెప్పలేం. వద్దనుకున్నాం.

సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద పని మొదలుపెట్టాం. ప్రాసెసర్ వాడిచేతే పెట్టించాను. అడుగున 1331 సన్నటి పిన్నులు. మూలన ఉన్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకి ఎదురుగా పెట్టి వదిలితే, దాని బరువుకే లోపలికి దిగింది. నొక్కకూడదు. వాడు ఊపిరి బిగబట్టాడు, నేనూ అంతే. ర్యామ్‌లు మెమరీకి రెండు దారులూ అందేలా 2, 4 స్లాట్లలో టక్కుమని కూర్చున్నాయి.

ఆన్ చేస్తే 3200 వేగమున్న ర్యామ్ 2400లోనే నడుస్తోంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ఆప్షన్ ఆన్ చేశాక దాని అసలు వేగం వచ్చింది. చాలామంది ఈ ఒక్క పనీ చేయరు, కొన్న వేగం వాడుకోకుండానే వదిలేస్తారు.

అమ్మ అన్నానికి పిలిచేసరికి తమ్ముడు వాలరెంట్ గేమ్‌లో మునిగిపోయి ఉన్నాడు. గేమ్ ఎక్కడా ఆగడం లేదు. రేపు వాళ్ల ఫ్రెండ్ ఇంటికి వెళ్లి, వాడి పీసీలో ర్యామ్‌లు ఏ స్లాట్లలో ఉన్నాయో చూడాలట. నన్నూ రమ్మంటున్నాడు.