పంపు నడుస్తోంది సరే, ఇన్సులిన్ ఒంటికి అందుతోందా?

ఇన్సులిన్ పంపులో ఉండేది ఒకే రకం ఇన్సులిన్, అదీ త్వరగా పనిచేసి త్వరగా అయిపోయేది. సూదులు వేసుకున్న కాలంలో నా ఒంట్లో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఎప్పుడూ కొంత నిల్వ ఉండేది. ఒక పూట మందు ఆలస్యమైనా ఆ నిల్వ అడుగు నుంచి కాపాడుతూ ఉండేది. పంపుకు మారిన తరువాత ఆ అండ లేదు. లిస్ప్రో, ఆస్పార్ట్ వంటి ఇన్సులిన్‌నే పంపు కొద్దికొద్దిగా రాత్రింబవళ్లూ చర్మం కిందికి పంపుతూ ఉంటుంది కాబట్టి, ఆ ధార ఎక్కడైనా తెగితే కొద్ది గంటల్లోనే ఒంట్లో ఇన్సులిన్ ఖాళీ అయి కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగడం మొదలవుతుంది. టైప్ 1 డయాబెటిస్‌తో పంపు వాడేవారి దినచర్యలోని ముఖ్యమైన జాగ్రత్తలు చాలావరకు ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయని నా అభిప్రాయం. పంపు అనగానే అందరూ నిష్పత్తులు, లెక్కలు, గ్రాఫుల గురించి మాట్లాడతారు. అవన్నీ అవసరమే, కానీ వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: లెక్క కట్టిన ఇన్సులిన్ నిజంగా ఒంట్లోకి వెళుతోందా?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పంపు పంపే పరిమాణం ఎంత చిన్నదో గ్రహించాలి. పంపుల్లో సాధారణంగా వాడే ఇన్సులిన్‌లో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. గంటకు 0.6 యూనిట్ల బేసల్ (పంపు రాత్రింబవళ్లూ కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్) అంటే ఆ గంట మొత్తంలో చర్మం కిందికి వెళ్లేది 6 మైక్రోలీటర్లు, అంటే ఒక నీటిచుక్కలో సుమారు ఎనిమిదో వంతు. ఆ లెక్కన ట్యూబ్ కలిసే చోట ఒక్క చుక్క బయటికి కారిపోయినా దాదాపు 5 యూనిట్లు పోయినట్టే. ట్యూబ్‌లోని గాలి బుడగ చర్మం కిందికి వెళ్లినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, కానీ ఆ బుడగ ఉన్నంత మేర ఇన్సులిన్ లేనట్టే. తెరమీద మాత్రం ఇచ్చిన మోతాదు పూర్తిగా ఇచ్చినట్టే కనబడుతుంది. పంపుకు తెలిసేది తన మోటారు ఎంత తిరిగిందన్నది మాత్రమే.

అందువల్ల రెండు మూడు రోజులకొకసారి ఇన్ఫ్యూజన్ సెట్ (పంపు నుంచి ఇన్సులిన్‌ను చర్మం కిందికి చేర్చే గొట్టాలు, ప్లాస్టర్) మార్చే ఆ పది నిమిషాలకు నేను చాలా విలువ ఇస్తాను. పంపులో ఇన్సులిన్ నిల్వ ఉండే రిజర్వాయర్ నింపడానికి ముందే ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లోంచి బయట పెట్టి గది వేడికి రానిస్తాను. చల్లటి ఇన్సులిన్‌ను నింపితే అది వెచ్చబడే కొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బుడగలై ట్యూబ్‌లోకి చేరుతుంది. నింపిన తరువాత రిజర్వాయర్‌ను నిలువుగా పట్టుకుని పెన్నుతో మెల్లగా తడితే గోడలకు అంటుకున్న చిన్న బుడగలు కలిసి పైకి వస్తాయి, వాటిని తిరిగి సీసాలోకి నెట్టేయాలి. ట్యూబ్ నింపేటప్పుడు అది ఒంటికి తగిలించి ఉండకూడదన్నది మినహాయింపు లేని నియమం, ఎందుకంటే ట్యూబ్ నిండడానికి పట్టే ఇన్సులిన్ ఒక్కసారిగా ఒంట్లోకి పోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ట్యూబ్ కొసన చుక్కలు వరసగా రాలుతున్నాయని చూసిన తరువాతే కాన్యులాను (చర్మం కింద నిలిచే సన్నటి గొట్టాన్ని) సూదితో గుచ్చుకోవాలి. సూది బయటికి తీశాక ఖాళీగా మిగిలే కాన్యులాను నింపడానికి దాని పొడవును బట్టి 0.3 నుంచి 0.7 యూనిట్ల వరకు అదనంగా ఇవ్వాలి. ఇది మరిచిపోతే మొదటి గంట బేసల్ అంతా ఆ గొట్టం నిండడానికే సరిపోతుంది.

ఇన్సులిన్ చెడిపోకుండా అందులో మెటాక్రెసాల్ వంటి పదార్థాలు కలుపుతారు, అందుకే దానికి ఆస్పత్రి గదుల్లో వచ్చే లాంటి ఘాటైన వాసన ఉంటుంది. ఈ వాసన నాకు ఏ అలారం కన్నా నమ్మకమైన హెచ్చరిక. ప్లాస్టర్ దగ్గర తడిగా అనిపించినా, చొక్కా అంచుకు ఆ వాసన తగిలినా ఇక తర్కించే పని లేదు, సెట్ మార్చవలసిందే.

సెట్‌ను రాత్రి పడుకోబోయే ముందు మార్చకూడదని నా గట్టి నమ్మకం. మెత్తటి ప్లాస్టిక్ కాన్యులా గుచ్చేటప్పుడే మడత పడిపోయిందనుకోండి, అది బయటపడడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఆ గంటలు మెలకువగా ఉన్నప్పుడు గడవడం మేలు. ఉదయం భోజనానికి ముందు మార్చుకుంటే ఆ పూట బోలస్ (భోజనానికని ఒక్కసారిగా ఇచ్చే మోతాదు) కొత్త కాన్యులా గుండానే వెళుతుంది, షుగర్ దిగిందో లేదో మధ్యాహ్నంలోగా తేలిపోతుంది. మడత సమస్య మాటిమాటికీ వచ్చేవారికి ఉక్కు సూది ఉండే సెట్లు ఉన్నాయి. అవి మడత పడవు గాని, వాటిని ఇంకా త్వరగా మార్చవలసి ఉంటుంది, కొందరికి కదిలినప్పుడల్లా గుచ్చుకున్నట్టు ఉంటుంది.

గుచ్చే చోటు విషయంలో మనిషి స్వభావం మనకు శత్రువు. నొప్పి తెలియని చోటు దొరికితే చెయ్యి మళ్లీమళ్లీ అక్కడికే పోతుంది. ఒకేచోట పదేపదే ఇన్సులిన్ దిగితే చర్మం కింద కొవ్వు పెరిగి, తాకితే రబ్బరులా గట్టిగా తగులుతుంది; దీనిని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. అక్కడ నొప్పి తెలియకపోవడానికి కారణమూ తరచుగా ఇదే. అలాంటి చోటి నుంచి ఇన్సులిన్ ఒకరోజు సగమే రక్తంలో కలుస్తుంది, మరొకరోజు ఆలస్యంగా వచ్చి ఒక్కసారిగా కలుస్తుంది. ‘నా షుగర్‌కు ఒక పద్ధతంటూ లేదు’ అని వాపోయేవారు నిష్పత్తులు మార్చే ముందు అద్దం ముందు నిలబడి పొట్టను వేళ్లతో తడిమి చూసుకోవడం మంచిది.

అడ్డు వస్తే పంపే అలారం కొడుతుంది కదా అన్న ధీమా కూడా పూర్తిగా నిలబడదు. అలారం మోగేది ట్యూబ్‌లో ఒత్తిడి ఒక స్థాయికి చేరినప్పుడు. పెద్ద బోలస్ ఇస్తున్నప్పుడు ఆ ఒత్తిడి త్వరగా పెరుగుతుంది, కానీ బేసల్ మాత్రమే నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా మోతాదు చాలా తక్కువగా ఉండే చిన్నపిల్లల్లో, అది గంటల తరబడి పెరగకపోవచ్చు. ఇక కాన్యులా చర్మంలోంచి ఊడివచ్చి ప్లాస్టర్ కిందే ఇన్సులిన్ కారిపోతుంటే ఒత్తిడి అసలే పెరగదు, అలారమూ రాదు.

కాబట్టి కారణం తెలియకుండా షుగర్ 250 దాటినప్పుడు నేను పాటించే క్రమం ఇది. ముందు వేలి రక్తంతో ఒకసారి చూసుకుని ఒంటికి తగిలించుకున్న గ్లూకోజు సెన్సర్ చెప్పేది నిజమేనా అని నిర్ధారించుకుంటాను, కీటోన్లు కూడా చూసుకుంటాను. కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్‌ల లోపు ఉంటే పంపుతోనే ఒక కరెక్షన్ బోలస్ (పెరిగిన షుగర్‌ను దించే మోతాదు) ఇచ్చి, గంట నుంచి రెండు గంటల్లో అంకె దిగడం మొదలైందా అని చూస్తాను. దిగకపోయినా, మొదటే కీటోన్లు ఎక్కువగా ఉన్నా, తరువాతి మోతాదు పంపుతో కాకుండా ఇన్సులిన్ పెన్నుతో వేసుకుని సెట్ మొత్తం మార్చేస్తాను. అనుమానం ఉన్న గొట్టం గుండానే ఇంకో మోతాదు పంపి ఎదురుచూడడంలో అర్థం లేదు. పెన్నుతో వేసుకున్న మోతాదు పంపుకు తెలియదు గనుక, దాన్ని గుర్తుపెట్టుకుని తరువాతి లెక్కలో కలుపుకోవలసింది మనమే. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే డాక్టరుకు వెంటనే చెప్పాలి, 3 దాటినా, వాంతులు మొదలైనా ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రంలో చూసే పట్టీలు కొన్ని గంటల కిందటి సంగతి చెబుతాయి కాబట్టి పంపు వాడేవారికి రక్తపు పట్టీలే మేలు.

ఇన్సులిన్ సరిగా అందుతోందని తేలిన తరువాతే లెక్కల ప్రస్తావన రావాలి. రోజు మొత్తం ఇన్సులిన్‌లో సుమారు సగం బేసల్‌కు పోతుంది. తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ పెరగడం వల్ల చాలామందికి మూడు నాలుగు గంటల వేళ నుంచే షుగర్ ఎగబాకుతుంది, ఆ వేళకు కాస్త ముందు నుంచే బేసల్‌ను పెంచుకునే వీలు పంపు వల్లనే కలిగింది. ఒక పూట భోజనం మానేసి, షుగర్ పెద్దగా పెరగకుండా తగ్గకుండా నిలుస్తోందా అని చూడడమే బేసల్‌కు సరైన పరీక్ష. భోజనపు లెక్కకు ప్రారంభంగా 500ను రోజు మొత్తం యూనిట్లతో భాగించడం, కరెక్షన్‌కు 1800ను భాగించడం వాడుకలో ఉన్న పద్ధతి: రోజుకు 40 యూనిట్లు వాడేవారికి ఒక యూనిట్ సుమారు 12.5 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది, డెసిలీటరుకు 45 మిల్లీగ్రాముల మేర షుగర్ తగ్గిస్తుంది. ఇవి మొదలుపెట్టడానికి పనికివచ్చే అంచనాలే. అసలు అంకెలు ఎవరి ఒంటిని బట్టి వారికి, వారి డాక్టరు సలహాతో, కొన్ని వారాల పరిశీలన మీద కుదురుతాయి.

పంపు చేసే లెక్కల్లో నేను ఎక్కువగా నమ్ముకునేది ఒంట్లో ఇంకా పనిచేస్తూ మిగిలి ఉన్న ఇన్సులిన్ లెక్క. ఒక బోలస్ ప్రభావం మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. గంట కిందట ఇచ్చిన మోతాదు ఇంకా పని పూర్తి చేయకముందే, అంకె దిగలేదన్న చిరాకుతో మరో మోతాదు, దాని మీద మరొకటి ఇస్తే, అన్నీ కలిసి ఒకేసారి పనిచేసి షుగర్‌ను పాతాళానికి తీసుకుపోతాయి. పంపు సూచించిన దానికన్నా ఎక్కువ ఇవ్వాలనిపించినప్పుడు నాకు కావలసింది ఇన్సులిన్ కాదు, ఓపిక.

భోజనానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు బోలస్ ఇవ్వడం చాలామందికి బాగా పనిచేస్తుంది. కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనమైతే షుగర్ తిన్న వెంటనే కాక గంటల తరువాత పెరుగుతుంది, అప్పుడు మోతాదులో కొంత వెంటనే, మిగతాది రెండు మూడు గంటల పాటు మెల్లగా వెళ్లేలా పెట్టుకోవచ్చు.

వ్యాయామం విషయంలో ముందుచూపు తప్పదు. చర్మం కింద ఇదివరకే చేరిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకోలేము కాబట్టి, నడకకు బయల్దేరే నిమిషంలో బేసల్ తగ్గించినందువల్ల ఆ నడకకు ప్రయోజనం ఉండదు; గంట, గంటన్నర ముందే సగానికో అంతకన్నా తక్కువకో దించాలి. గట్టిగా శ్రమపడిన రోజు రాత్రి షుగర్ పడిపోయే అవకాశం ఉంటుంది గనుక ఆ రాత్రి బేసల్‌ను కొంత తగ్గించి పడుకోవాలి. షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలన్నది పాత నియమం, కానీ సెన్సర్‌ను చూసి తనంతట తానే బేసల్ ఆపే పంపు ఉన్నవారికి అందులో సగం కూడా చాలాసార్లు సరిపోతుంది.

ఇలా సెన్సర్ అంకెను చూసి బేసల్‌ను తానే హెచ్చించి తగ్గించే పంపుకు అమెరికాలో 2016లో మొదటిసారి అనుమతి దొరికింది. 1960ల తొలి సంవత్సరాల్లో ఆర్నాల్డ్ కాడిష్ తయారుచేసిన యంత్రం వీపున మోయవలసినంత పెద్దదన్న సంగతి గుర్తొస్తే, జేబులో పట్టే ఈ పరికరం మీద నాకున్న ఫిర్యాదులు కొంత చల్లబడతాయి. రాత్రి నిద్రకు ఈ పద్ధతి చేసిన మేలు మాటల్లో చెప్పలేనిది. షుగర్ 70కీ 180కీ మధ్య ఉండే సమయం రోజులో 70 శాతానికి పైగా ఉండాలన్న లక్ష్యం ఇప్పుడు చాలామందికి అందుబాటులోకి వచ్చింది. అయితే ఇలా బేసల్‌ను నిర్ణయించే పంపులోని లెక్కల సూత్రానికి, అంటే అల్గారిథమ్‌కు, కనబడేది షుగర్ అంకె ఒక్కటే, కాన్యులా కనబడదు. కాన్యులా మడత పడి ఉన్నప్పుడు షుగర్ పెరుగుతున్న కొద్దీ అది ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతుంది, పంపినదంతా ఒంట్లో చేరిందనే లెక్క వేసుకుంటుంది. అంచేత అంకె పైకి పోతూ, గ్రాఫులో బేసల్ గరిష్ఠ స్థాయిలోనే చాలాసేపు నిలిచి ఉంటే, దాన్ని అల్గారిథమ్ శ్రమిస్తోందని కాకుండా సెట్ మార్చమన్న సంకేతంగా చూడడం అలవాటు చేసుకున్నాను.

మిగతావి చిన్న జాగ్రత్తలే గాని వదలదగ్గవి కావు. స్నానానికో ఈతకో పంపు విప్పితే గంటలోపు మళ్లీ తగిలించుకోవాలి. ఎంఆర్ఐ గదిలోకి పంపును తీసుకువెళ్లకూడదు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ గడియారం చూడాలి. పగలు రాత్రిగా, రాత్రి పగలుగా నమోదైతే తెల్లవారుజాముకని పెంచిన బేసల్ సాయంత్రం నడుస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక అదనపు సెట్, ఇన్సులిన్ పెన్ను, సూదులు, కీటోన్ పట్టీలు, గ్లూకోజు ఉండాలి. పంపు పూర్తిగా పాడైతే వాడడానికి ఇంట్లో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఒకటి, దాని మోతాదు డాక్టరు ముందుగానే రాసిచ్చిన చీటీతో సహా సిద్ధంగా ఉంచుకోవాలి. పాడైన పంపు తెర వెలగదు, అందులోని సెట్టింగులు ఏవీ కనబడవు. గంటవారీ బేసల్, భోజనపు నిష్పత్తి, కరెక్షన్ అంకె, లక్ష్యంగా పెట్టుకున్న షుగర్, ఇన్సులిన్ పనిచేసే వ్యవధి, ఈ ఐదింటినీ మార్చినప్పుడల్లా తేదీ వేసి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని పెన్ను ఉన్న పెట్టెలోనే పెడతాను.