సోమవారం రాత్రుల ఆరన్ స్పెల్లింగ్

అమెరికన్ టీవీ నిర్మాత ఆరన్ స్పెల్లింగ్ 2006 జూన్ 23న లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో, 83వ ఏట కన్నుమూశారన్న వార్త విన్నప్పుడు, దగ్గరి బంధువెవరో పోయినట్టు చాలాసేపు మౌనంగా కూర్చుండిపోయాను. పెళ్ళయి అమెరికాకు వచ్చిన తొలి రోజుల్లో, మావారు ఆఫీసుకు వెళ్ళాక పలకరించే మనిషి లేని ఆ మధ్యాహ్నాలలో, నాకు తోడుగా ఉన్నవి ఆయన నిర్మించిన ధారావాహికలే.

ఆ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నప్పుడు పాఠ్యపుస్తకం మధ్యలో వారపత్రిక దాచుకుని సీరియల్ చదువుతూ, అమ్మ అడుగుల చప్పుడు వినగానే పుస్తకం మూసేసిన అలవాటు నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, సోమవారం రాత్రి 'మెల్‌రోజ్ ప్లేస్' చూస్తుండగా తలుపు చప్పుడైతే నా చెయ్యి దానంతట అదే రిమోట్ మీదికి వెళ్ళేది. ఒకే ఆవరణలో అద్దెకుండే పడుచువాళ్ళు ఒకరినొకరు మోసగించుకునే ఆ కథ నన్ను అంతగా పట్టి ఉంచిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడేదాన్ని.

స్పెల్లింగ్ 1923లో డాలస్‌లో, వలస వచ్చిన ఒక పేద యూదు కుటుంబంలో పుట్టారు; తండ్రి దర్జీ. యూదుడన్న కారణంతో తోటి పిల్లలు వేధించగా, ఎనిమిదేళ్ళ వయసులో మానసిక వేదనతో కాళ్ళు పనిచేయకుండా పోయి, ఏడాదిపాటు మంచం పట్టి పుస్తకాలు చదువుతూ గడిపారట. కదలలేని మనిషికి కథ ఎంత అవసరమో ఆయనకు ఎవరూ నేర్పవలసిన పని లేకపోయిందని నేను నమ్ముతాను.

'ద లవ్ బోట్' 1977 నుంచి 1986 వరకు నడిచింది. ప్రతి వారం ఓడలోకి కొత్త ప్రయాణికులు ఎక్కేవారు, రెండు మూడు కథలు అల్లుకుంటూ సాగేవి, దిగేసరికి ఎవరి మనసో కుదుటపడేది. మూకీల కాలంలో వెలిగిన లిలియన్ గిష్ వంటి వృద్ధ నటీమణులకు కూడా అందులో చోటు దొరికేది. అలాగే కోటీశ్వరుల కుటుంబ కథ 'డైనస్టీ'లో అలెక్సిస్ పాత్రకు 48 ఏళ్ళ జోన్ కాలిన్స్‌ను తీసుకున్నారు. ఆ వయసు స్త్రీకి తల్లి పాత్రలే మిగిలే రోజుల్లో ఆమె పగతో, తెలివితో, వ్యామోహంతో కథ మొత్తాన్ని నడిపింది. ఆ భవంతులను, ఆ దుస్తులను మాత్రమే చూసి పెదవి విరిచినవారు ఈ సంగతిని గమనించలేదనిపిస్తుంది.

తన కార్యక్రమాలను ఆయన స్వయంగా మనసుకు మిఠాయి అనేవారు. ఆ మాట నాకు నచ్చదు. ఎయిడ్స్ తొలినాళ్ళలో జరిగిన నిర్లక్ష్యాన్ని చూపించి, అమెరికా టీవీ రంగపు పురస్కారం ఎమ్మీని అందుకున్న 1993 నాటి టీవీ చిత్రం 'అండ్ ద బ్యాండ్ ప్లేడ్ ఆన్' నిర్మాతలలో ఆయన ఒకరు. అయితే మహిళా డిటెక్టివ్‌ల కథ 'చార్లీస్ ఏంజెల్స్'లో స్త్రీలను సాహసవంతులుగా చూపిస్తూనే వారి ఒంటిని ఎరగా వాడుకున్న తీరును నేను సమర్థించను. అది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

నేను రాకముందే ముగిసిపోయిన ఆయన ధారావాహిక 'ఫ్యామిలీ'. పాసడీనాలోని ఒక మధ్యతరగతి ఇంటి కథ అది. తల్లిగా నటించిన సేడా థాంప్సన్‌కు 1978లో ఎమ్మీ వచ్చింది. మిద్దెలూ నగలూ లేని స్పెల్లింగ్ ఎలా ఉంటారో చూడాలని దాని డీవీడీలు తెప్పించుకున్నాను. మొదటి రెండు భాగాలు నిన్న రాత్రి హాల్లో చూశాను, మావారు కూడా పక్కనే కూర్చున్నారు.